మూగనొప్పికి మందు: కుక్కల నొప్పి మాత్రల చరిత్ర, అది నేర్పిన జాగ్రత్తలు

మహాభారతం ఆదిపర్వంలో, కథ ఇంకా పుంజుకోకముందే ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోట సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ ఉంటే రాజుగారి తమ్ముళ్ళు దానిని కొట్టి తరిమారు. అది తల్లి సరమ దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకుంది. సరమ రాజసభకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. ఎవరూ బదులు చెప్పలేకపోయారు. అనుకోని భయం మీకు కలుగుతుందని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. అదే భారతం చివరి ఘట్టాలకు వచ్చేసరికి, ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. కుక్క నొప్పిని పట్టించుకోకపోవడం ఎంత పాతదో, దానిని పట్టించుకోవాలన్న మాట కూడా అంత పాతదేనని ఈ రెండు కథలూ చెబుతున్నాయి.

ఒక్క తేడా ఉంది. సారమేయుడికి నోరుంది. మన వాకిట్లో పడుకున్న కుక్కకు లేదు. నొప్పి ఎక్కడో అది చెప్పలేదు. మనం వేసిన మాత్ర పొట్టలో మంట పెడుతున్నదని కూడా చెప్పలేదు. ఈ మూగ రోగికి నొప్పి మందు ఇవ్వడం మనిషి ఎలా నేర్చుకున్నాడు, ఆ నేర్చుకోవడంలో ఎన్ని పొరపాట్లు జరిగాయి, వాటి నుంచి ఏ జాగ్రత్తలు పుట్టాయి అనేవి ఈ వ్యాసంలో విషయాలు.

పెన్షనర్ల ప్రత్యేక సంచికలో కుక్కల మందుల ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కారణం మన ఇళ్ళలోనే ఉంది. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్క, వాళ్ళు ఉద్యోగాలకు హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో వెళ్ళిన తరువాత మన దగ్గరే మిగిలిపోతుంది. పదేళ్ళు గడిచేసరికి దానికీ ముసలితనం వస్తుంది, మనకూ వస్తుంది. మనకు మోకాళ్ళు, దానికి తుంటి కీళ్ళు. మన నొప్పి మాత్రలు అలమారలో సిద్ధంగా ఉంటాయి. కుక్క కుంటుతూ ఉంటే చూడలేక, జాలిపడి, ఆ మాత్రలో సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టే ఇళ్ళు తక్కువేమీ కాదు. ఆ జాలిలో లోపం లేదు. ప్రమాదమంతా ఆ సగం మాత్రలో ఉంది.

చెట్టు బెరడు నుంచి ఆస్పిరిన్ దాకా

నొప్పి మాత్రల వంశవృక్షం నిజంగానే ఒక వృక్షంతో మొదలవుతుంది. విల్లో అనే చల్లని దేశాల చెట్టు బెరడు నొప్పికి, జ్వరానికి పనిచేస్తుందని ప్రాచీనులకే తెలుసు. 1763లో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు ఆ బెరడును ఎండబెట్టి, పొడిచేసి, చలిజ్వరంతో బాధపడుతున్న సుమారు యాభై మందికి ఇచ్చి, ఫలితాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరంగా రాశాడు. 1828లో మ్యూనిక్ నగరంలో యోహన్ బుఖ్నర్ ఆ బెరడులోని చేదు పదార్థాన్ని వేరుచేసి సాలిసిన్ అని పేరు పెట్టాడు. దాని నుంచి తయారైన సాలిసిలిక్ ఆమ్లం నొప్పిని తగ్గించేది కానీ కడుపులో మంట పుట్టించేది. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దానికి చిన్న మార్పు చేసి, మందుగా వాడదగిన శుద్ధమైన రూపంలో తయారుచేశాడు. 1899లో అది ఆస్పిరిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

మందు పుట్టిన నాటి నుంచి దాని నీడ కూడా వెంటే ఉన్నదని పాఠకులు గమనించాలి. నొప్పి తగ్గడం, కడుపు చెడటం ఈ రెండూ తొలి నుంచీ జంటగానే నడిచాయి. ఆ జంట ఎందుకు విడిపోవడం లేదో తెలియడానికి మరో డెబ్బయి ఏళ్ళు పట్టింది.

ఈలోగా ఇవే మందులు పశువుల దగ్గరకు కూడా చేరాయి. 1949లో మనుషుల కీళ్ళవాతానికి వచ్చిన ఫినైల్ బ్యూటజోన్ గుర్రాలకూ, కుక్కలకూ వాడుకలోకి వచ్చింది. మనుషులలో అది రక్తకణాలను దెబ్బతీయడం బయటపడి, చాలా దేశాలలో వాడకం కుదించారు. ఆ కాలపు తీరు అంతా ఇలాగే ఉండేది. మనిషి కోసం మందు తయారయ్యేది, ఆ తరువాత దానిని బరువుకు తగ్గట్టు లెక్కగట్టి జంతువుకు ఇచ్చేవారు. కుక్క అంటే చిన్న మనిషి అన్నంత తేలికగా ఆ లెక్క సాగేది.

నొప్పే లేదనుకున్న కాలం

అసలు జంతువుకు మనలాగే నొప్పి ఉంటుందా అన్న ప్రశ్నకే శాస్త్రం చాలాకాలం తటపటాయించింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలతో పోల్చాడు. ఆ భావన ఛాయలు ఇరవయ్యో శతాబ్దం దాకా వైద్యశాలల్లో మిగిలాయి. ఆపరేషన్ చేసేటప్పుడు మత్తు ఇచ్చేవారు గానీ, తరువాత నొప్పికి మందు ఇవ్వడం అరుదు. కొద్దిగా నొప్పి ఉంటేనే మంచిది, కదలకుండా పడుంటుంది, కుట్లు ఊడవు అనే మాట అనుభవజ్ఞుల నోట కూడా వినిపించేది.

అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించిన బెర్నార్డ్ రోలిన్ ఈ ధోరణిని గట్టిగా ప్రశ్నించిన వారిలో ముఖ్యుడు. ప్రయోగశాల జంతువులకు నొప్పి నివారణ మీద ప్రచురితమైన పరిశోధన ఏముందని వెతికితే ఆయనకు దాదాపు ఏమీ దొరకలేదు. ఆయన, ఆయన సహచరులు చేసిన కృషి ఫలితంగా 1985లో అమెరికా చట్టంలో మార్పు వచ్చి, పరిశోధనకు వాడే జంతువులకు నొప్పి తగ్గించే ఏర్పాట్లు చేయడం తప్పనిసరి అయింది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం నొప్పిని గుర్తించడం, కొలవడం, తగ్గించడం ఎలాగో తెలిపే మార్గదర్శకాలను 2014లో వెలువరించింది. అంటే కుక్క నొప్పి అనేది వైద్యుడు తప్పక చూడవలసిన విషయంగా స్థిరపడి నిండా రెండు తరాలు కూడా కాలేదు.

1971: గుట్టు తెలిసిన సంవత్సరం

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో లండన్‌లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. శరీరంలో గాయమైన చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై వాపును, నొప్పిని పెంచుతాయి. ఆస్పిరిన్ వంటి మందులు వాటి తయారీని అడ్డుకుంటాయి. దీనికి తోడ్పడిన ప్రయోగాలలో ఒకటి కుక్క ప్లీహం మీద జరిగింది. మన నొప్పి మాత్ర రహస్యం తెలియడంలో కుక్క రుణం కూడా కొంత ఉన్నదన్నమాట. ఈ కృషికి వేన్‌కు మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిపి 1982లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఆవిష్కరణతో పాత చిక్కుముడి కూడా విడిపోయింది. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టించడమే కాదు, కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి. శరీరంలో నీరు తగ్గినప్పుడు, రక్తపోటు పడిపోయినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా చూస్తాయి. మాత్ర నొప్పి దగ్గర పనిచేసినట్టే పొట్ట దగ్గరా, కిడ్నీ దగ్గరా పనిచేస్తుంది. వీధి దీపం ఒక్కటే ఆర్పుదామని మెయిన్ స్విచ్ దించినట్టు ఉంటుంది వ్యవహారం. స్టెరాయిడ్ కాని వాపు నివారణ మందులన్నింటికీ ఇది వర్తిస్తుంది. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెలోక్సికామ్ అన్నీ ఈ కుటుంబంలోవే.

ఒకే మందు, వేరు వేరు శరీరాలు

కుక్క చిన్న మనిషి కాదని తేల్చిన సంగతి మరొకటి ఉంది. మందు కడుపులోకి వెళ్ళాక దానిని విరిచి బయటకు పంపే పని ప్రధానంగా కాలేయానిది, మూత్రపిండాలది. ఆ పని వేగం జాతికీ జాతికీ మారుతుంది. నాప్రోక్సెన్‌నే తీసుకుందాం. మనిషి శరీరంలో ఆ మందు సగానికి తగ్గడానికి సుమారు 12 నుంచి 17 గంటలు పడుతుంది. కుక్కలో అందుకు 74 గంటల వరకు, అంటే మూడు రోజులు పడుతుందని పరిశోధకులు కనుగొన్నారు. మనలాగే పూటకొక మాత్ర చొప్పున వేస్తే మొదటిది సగం కూడా తగ్గకముందే ఐదారు మాత్రలు పోగుపడతాయి.

ఇబుప్రొఫెన్ సంగతి చూద్దాం. ఇంగ్లండులో బూట్స్ కంపెనీలో స్టూవర్ట్ ఆడమ్స్ బృందం 1961లో కనుగొన్న ఈ మందు మనకు బ్రూఫెన్ పేరుతో చిరపరిచితం. 60 కిలోల మనిషి 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే కిలోకు ఏడు మిల్లీగ్రాముల లోపే పడుతుంది. అదే మాత్ర ఐదు కిలోల పామరేనియన్ మింగితే కిలోకు 80 మిల్లీగ్రాములు. పన్నెండు రెట్లు! కుక్క పొట్ట ఈ మందుకు మన పొట్టకంటే సున్నితం కూడా. వాంతులు, పొట్టలో పుండ్లు, రక్తస్రావం, మోతాదు ఇంకా పెరిగితే మూత్రపిండాల వైఫల్యం దీని పర్యవసానాలు. ఇళ్ళలో మామూలుగా ఉండే కాంబిఫ్లామ్ వంటి మాత్రలలో ఇబుప్రొఫెన్‌తో పాటు పారాసెటమాల్ కూడా ఉంటుంది. పారాసెటమాల్ వేరే తరహా మందు. ఎక్కువైతే కుక్కకు కాలేయం దెబ్బతింటుంది. పిల్లికైతే ఒక్క మాత్ర కూడా ప్రాణాంతకం కాగలదు, ఎందుకంటే దానిని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కలకు పనికివచ్చే మెలోక్సికామ్‌ను పిల్లులకు పదే పదే ఇస్తే కిడ్నీలు పాడవుతున్నాయని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లేబుల్ మీద పెద్ద హెచ్చరిక వేయించింది. కుక్కకు రాసిన మందును పక్కనున్న పిల్లికి పెట్టరాదన్నది అక్కడి పాఠం.

జాతుల మధ్య ఈ తేడాను పట్టించుకోకపోతే ఎంత దూరం పోతుందో మన దేశమే ప్రపంచానికి చూపించింది. 1990 దశకంలో పశువుల నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు విరివిగా వాడుకలోకి వచ్చాయి. పశువుకు అది మేలే చేసింది. కానీ మందు తీసుకున్న కొద్ది రోజుల్లో చనిపోయిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు కిడ్నీలు చెడి కుప్పలు తెప్పలుగా రాలిపోయాయి. కారణం డైక్లోఫెనాకేనని 2004లో రుజువయింది. తెల్లవీపు రాబందుల సంఖ్య 1992తో పోలిస్తే 2007 నాటికి నూటికి 99 వంతులకు పైగా పడిపోయింది. 2006లో కేంద్రప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ఆపించింది. మనుషులకని పెద్ద సీసాల్లో అమ్ముతున్నది పశువులకు మళ్ళుతుండటంతో 2015లో ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల చిన్న సీసాకే పరిమితం చేసింది. 2023లో పశువులకు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను, 2024 చివరలో నిమెసులైడ్‌ను కూడా నిషేధించింది. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రాబందుల పెంపకకేంద్రం పెట్టవలసి వచ్చింది ఈ కారణంగానే.

ఈ కథ మళ్ళీ కుక్కల దగ్గరకే వచ్చి ఆగుతుంది. రాబందులు లేక మిగిలిపోయిన కళేబరాల మీద ఊరకుక్కలు పెరిగాయి, వాటితో పాటు కుక్కకాటు, రేబిస్ పెరిగాయని పరిశోధకుల అంచనా. సరమ చెప్పిన అనుకోని భయం ఇలాంటిదే కాబోలు. రాబందులకు హాని చేయని మందుగా 2006లో తేలిన మెలోక్సికామ్, కుక్కల కీళ్ళనొప్పికి కూడా ప్రపంచమంతటా వాడే ముఖ్యమైన మందులలో ఒకటి.

రిమడిల్ నేర్పిన పాఠం

కుక్కల కోసమే పరీక్షించి, కుక్కల కోసమే లేబుల్ రాసిన మందుల యుగం 1990లలో ఊపందుకుంది. ఆ మార్పుకు గుర్తుగా నిలిచింది కార్‌ప్రొఫెన్, వ్యాపార నామం రిమడిల్. నిజానికి అది మనుషుల కోసం రోష్ కంపెనీ తయారుచేసిన మందు. అమెరికాలో 1987లో మనుషుల వాడకానికి అనుమతి వచ్చినా అక్కడ అమ్మకానికి పెట్టలేదు. తరువాత పశువైద్యంలోకి మళ్ళి, కుక్కల కీళ్ళనొప్పికి 1996 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొంది, 1997 ఆరంభంలో ఫైజర్ కంపెనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. లేవలేని కుక్కలు లేచి నడిచాయి. మెట్లెక్కడం మానేసినవి మళ్ళీ ఎక్కాయి. టీవీలో ప్రకటనలు వచ్చాయి. యజమానులు పశువైద్యుల దగ్గరకు వెళ్ళి పేరు చెప్పి మరీ అడిగి రాయించుకున్నారు.

కొద్ది నెలలకే వేరే కబుర్లు కూడా మొదలయ్యాయి. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలలో కొన్ని కుక్కలు తిండి మానేసి, వాంతులు చేసుకుని, కళ్ళు పచ్చబడి మరణించాయి. 1998లో కాలేయం దెబ్బతిన్న 21 కుక్కల వివరాలు ఒక పశువైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. వాటిలో 13 లాబ్రడార్లు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు వేల సంఖ్యలో నివేదికలు చేరాయి. నివేదిక వచ్చినంత మాత్రాన మందే కారణమని కాదు. వాడిన కుక్కల సంఖ్య లక్షల్లో ఉంది, వాటిలో అధికభాగం ముసలివి, ఇతర జబ్బులున్నవి. లాబ్రడార్లు ఎక్కువగా పెంచే జాతి కూడా. అయినా లేబుల్ మార్చవలసి వచ్చింది. మరణం సంభవించవచ్చన్న మాట టీవీ ప్రకటనలలో కూడా చెప్పాలని సంస్థ కోరగా, కంపెనీ ఆ ప్రకటనలనే ఆపివేసింది.

ఈ గొడవలో తేలిన అసలు లోపం మందులో కన్నా మాటలో ఎక్కువగా ఉంది. ఏ లక్షణం కనబడితే మాత్ర ఆపాలో చాలామంది యజమానులకు ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు అన్నం ముట్టకపోతే ముసలిది కదా అనుకుని, మాంసం ముక్కలో దాచి మరీ మాత్ర మింగించిన వారు ఉన్నారు. ప్రేమతోనే చేశారు. ఆందోళనల ఫలితంగా 2000 ప్రాంతంలో, మందుతో పాటు యజమానికి తేలిక మాటలలో రాసిన సమాచార పత్రం ఇచ్చే పద్ధతి మొదలైంది. ఆ తరువాత ఈ తరగతి మందులన్నింటికీ అది ఆనవాయితీ అయింది. కుక్కల మందుల చరిత్రలో కొత్త రసాయనం కనుక్కోవడం ఎంత పెద్ద సంగతో, ఆ ఒక్క కాగితం కూడా అంత పెద్ద సంగతేనని నా అభిప్రాయం.

ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైములు రెండు రకాలని 1991లో తెలియడంతో, పొట్టను కాపాడేదానిని వదిలి వాపును పెంచేదానినే అడ్డుకునే మందుల కోసం వేట సాగింది. మనుషులకు వచ్చిన అటువంటి మందు వయోక్స్ గుండెపోట్ల కారణంగా 2004లో మార్కెట్ నుంచి తప్పుకుంది. కుక్కలకు డెరాకాక్సిబ్ 2002లో, ఫిరోకాక్సిబ్ 2004లో అమెరికాలో అనుమతి పొందాయి. పొట్ట బాధ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కిడ్నీ విషయంలో జాగ్రత్త యథాతథంగా మిగిలింది. ఇటీవల నెలకొక ఇంజెక్షన్‌గా ఇచ్చే బెడిన్‌వెట్‌మాబ్ వచ్చింది. ఇది మాత్రల కుటుంబానికి చెందినది కాదు, నొప్పి సంకేతాన్ని మరో చోట అడ్డుకుంటుంది. 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2024 డిసెంబరులో దాని దుష్ప్రభావాల గురించి అక్కడి నియంత్రణ సంస్థ పశువైద్యులకు హెచ్చరిక లేఖ రాసింది. మందు మారినా వరుస మారలేదు. ముందు ఆశ, తరువాత విస్తృత వాడకం, ఆ తరువాత జాగ్రత్త. ఆ మూడవ మెట్టును మొదటి మెట్టుకు ఎంత దగ్గరగా తెస్తే అంత మంచిది.

చరిత్ర మన చేతిలో పెట్టిన జాగ్రత్తలు

పై చరిత్ర నుంచి మన ఇంటికి పనికివచ్చే అంశాలను వరుసగా ఇస్తున్నాను. ఇవి పశువైద్యుని సలహాకు బదులు కావు. ఆయన దగ్గరకు వెళ్ళేటప్పుడు మనకు తెలిసి ఉండవలసినవి.

1. మన మాత్ర కుక్కకు వద్దు. మందు పేరు ఒకటే అయినా మోతాదు వేరు. మెలోక్సికామ్ మనకు 7.5, 15 మిల్లీగ్రాముల మాత్రలుగా వస్తుంది. పది కిలోల కుక్కకు రోజువారీ మోతాదు సుమారు ఒక్క మిల్లీగ్రాము. మన 15 మిల్లీగ్రాముల మాత్రలో సగం విరిచినా ఏడు రెట్లు దాటిపోతుంది.

2. ముందు పరీక్ష, తరువాత మందు. కుంటు అంతా కీళ్ళవాతం కాదు. ముల్లు, గోటి గాయం, వెన్నుపూస బాధ, ఎముక జబ్బు, గోమారు వల్ల వచ్చే జ్వరం ఏదైనా కావచ్చు. దీర్ఘకాలం మందు వాడవలసి వస్తే కాలేయం, మూత్రపిండాల పనితీరుకు రక్తపరీక్ష మొదట ఒకసారి, కొన్ని వారాలకు మళ్ళీ, ఆ తరువాత డాక్టరు చెప్పిన వ్యవధిలో చేయించాలి. మన బి.పి., షుగరు పరీక్షల పుస్తకంలాగే దానికీ ఒక నోటుపుస్తకం ఉంచితే మంచిది.

3. బరువు తూచి చెప్పాలి. అందాజుగా చెప్పిన బరువుకు అందాజు మోతాదే వస్తుంది. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, అందులోంచి మన బరువు తీసివేస్తే సరిపోతుంది. ఎత్తలేని పెద్ద కుక్కను ఆసుపత్రిలో తూయించాలి.

4. రెండు నొప్పి మందులు కలపరాదు. ఒకటి మార్చి మరొకటి మొదలుపెట్టాలన్నా కొన్ని రోజుల ఎడం ఉండాలి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌తో కలిస్తే పొట్టలో పుండ్లు పడే ప్రమాదం బాగా పెరుగుతుంది. చర్మవ్యాధికి ఇంతకుముందు వేరే డాక్టరు ఇచ్చిన ఇంజెక్షన్ సంగతి కూడా మరచిపోకుండా చెప్పాలి. గుండెజబ్బుకు ఎనలాప్రిల్, నీరు పోవడానికి ఫ్రూసెమైడ్ వాడుతుంటే తప్పక తెలియజేయాలి.

5. తిండి, నీళ్ళు. మాత్ర అన్నంతో పాటు ఇవ్వడం మేలు. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. వాంతులు, విరేచనాలు అవుతున్న కుక్కకు, వడదెబ్బ తగిలిన కుక్కకు, నీళ్ళు తాగని కుక్కకు ఈ మందు వేయరాదు. మన వైపు ఏప్రిల్, మే నెలల ఎండలలో ఇది మరీ ముఖ్యం. శరీరంలో నీరు తగ్గినప్పుడే కిడ్నీకి ప్రోస్టాగ్లాండిన్ల అవసరం ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనం మాత్రతో వాటిని ఆపుతాము.

6. ఆపవలసిన గుర్తులు. తిండి మానడం, వాంతి, తారులాంటి నల్లని మలం, రక్త విరేచనం, మామూలు కన్నా ఎక్కువ నీళ్ళు తాగడం, ఎక్కువసార్లు మూత్రం, కళ్ళు లేక చిగుళ్ళు పచ్చబడటం, మందకొడిగా పడుండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తదుపరి మాత్ర ఆపి డాక్టరుకు తెలపాలి. మరొక రోజు చూద్దామనుకోవడమే అమెరికాలో పలు కుక్కల ప్రాణం తీసింది.

7. మందు దాచే చోటు. కుక్కల కోసం మాంసం రుచితో తయారయ్యే మాత్రలు వాటికి మిఠాయిలాంటివి. మూత తెరిచి ఉంటే డబ్బా మొత్తం తినేస్తాయి. మన మాత్రలు కూడా మంచం పక్క బల్ల మీద ఉంచరాదు. పొరపాటున మింగితే గుర్తులు వచ్చేదాకా ఆగకుండా, మాత్ర పేరు, ఎన్ని పోయాయో లెక్క రాసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

8. మందు కాని మందు. అమెరికాలో 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండవదానికన్నా నాలుగోవంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం తక్కువ తిన్న కుక్కలు సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. వాటికి కీళ్ళవాతానికి మందు అవసరపడటం కూడా ఆలస్యమయింది. మనం ప్రేమతో పెట్టే మూడో ఇడ్లీ, పండగనాటి బూరె దాని మోకాళ్ళ మీదే భారం. నునుపైన గచ్చు మీద గోనెపట్టా పరచడం, పొద్దున సాయంత్రం కొద్ది దూరం నెమ్మదిగా నడిపించడం డబ్బు ఖర్చు లేని వైద్యం. ఆ నడక మనకూ మంచిదే.

మాట లేని రోగి, చూసే కన్ను

మన తరానికి ఈ విషయంలో ఒక అనుకూలత ఉందని మనవి చేస్తున్నాను. ఈ మందుల భద్రత అంతా చివరికి ఒక పని మీద ఆధారపడి ఉంది. రోజూ కుక్కను చూడటం. నిన్న తిన్నంత తిన్నదా, లేవడానికి ఎంతసేపు తీసుకుంది, మెట్టు దగ్గర ఆగిందా, ఒకే కాలిని నాకుతోందా, తోక ఆడించడం తగ్గిందా? నెలకొకసారి చూసే డాక్టరుకు ఇవి కనిపించవు. ఉద్యోగాలకు పరుగెత్తే పిల్లలకు వీటికి తీరిక లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చునే మనకు మాత్రమే కనిపిస్తాయి. ముసలితనమని కొట్టిపారేసే చాలా మార్పులు నిజానికి తగ్గించదగిన నొప్పులు. అట్లే, మాత్ర పడటం లేదని కుక్క చెప్పే మొదటి మాట కూడా ఆ తిండి గిన్నెలోనే ఉంటుంది.

ముప్పయి, ముప్పయ్యయిదేళ్ళు ఫైళ్ళు చూసిన వాళ్ళం. తేదీ వేసి నమోదు చేయడం, ముందు కాగితం చూడకుండా సంతకం పెట్టకపోవడం మనకు అలవాటయిన విద్యలే. ఆ విద్యే ఇక్కడ కావాలి. ఈ సంచిక చదివిన మిత్రులు ఒక్క పని చేస్తే చాలు. ఇంట్లో కుక్క ఉన్నవారు తమ మందుల డబ్బా కుక్కకు అందని ఎత్తుకు మార్చి, దాని మూత లోపల దగ్గరలోని పశువైద్యశాల ఫోను నంబరు, కుక్క బరువు ఒక చీటీ మీద రాసి అంటించండి. కుక్క లేనివారు ఈ పేజీని కుక్క ఉన్న పక్కింటివారికి ఇవ్వండి.